ముక్కు నేలకు దించని కుక్క

పుష్పవల్లి భయమల్లా ఒక్కటే. మూడేళ్ల సీత ఏదో ఒకరోజు కంచె దాటి వెనక రాళ్లలోకి వెళ్లిపోతుంది. తను గొంతు చించుకుని పిలిచినా ఆ పిల్ల పలకదు. సీతకు పుట్టుకతోనే చెవులు వినపడవు.

అప్పటికి ఎనభై ఎనిమిదో సంవత్సరం. జూబ్లీహిల్స్‌లో ఇళ్లకంటే బండలే ఎక్కువ. సినిమాలు తీసే పట్టాభిరామయ్యగారి బంగళాకు మూడు వైపులా గోడ లేచింది కానీ నాలుగో వైపు ఇంకా ముళ్లకంచే ఉంది. కంచె అవతల ఏనుగులంతేసి బండలు ఒకదాని మీద ఒకటి ఒరిగి ఉండేవి. పక్క స్థలంలో పునాదుల కోసం రాయి పేల్చేవారు. రోజూ మధ్యాహ్నం ఎర్రజెండా మనిషి ఈల ఊది కేకలు పెడితే పనివాళ్లంతా పక్కకు తప్పుకునేవారు. ఆ ఈల వినపడగానే పుష్పవల్లి మాత్రం చేతిలో ఉన్నది ఉన్నట్టు పారేసి సీత కోసం పరుగెత్తేది.

వాళ్లది కారు షెడ్డు పక్క గది. ఆమె భర్త వేంకటరమణ వేషాల కోసం తెనాలి నుంచి వచ్చి, కృష్ణానగర్‌లో నాలుగేళ్లు గుంపు వేషాలకు నిలబడి, చివరకు ఈ ఇంట్లో కుక్కను చూసుకునే పనికి కుదిరాడు. కుక్క పేరు డ్యూక్. అల్సేషియన్. దాని తండ్రి, తాత మద్రాసు డాగ్ షోల్లో కప్పులు గెలిచారట. డ్యూక్ గెలిచిన కప్పులు రెండు ముందు హాల్లో అద్దాల బీరువాలో ఉండేవి. దాని వెన్ను మెడ దగ్గర ఎత్తుగా మొదలై తోక దాకా నున్నగా వాలి ఉండేది. ఆ వాలే దాని అందం అనేవారు చూడవచ్చిన వాళ్లు.

వేంకటరమణ రోజూ పొద్దున్నే దానికి సన్నటి వెండిరంగు గొలుసు వేసి, దాన్ని గొంతు కింద ఎత్తిపట్టి, పచ్చికలో నిలబెట్టేవాడు. వెనకకాలు ఒకటి చాచి, తల ఎత్తి, బొమ్మలా నిలబడాలి. ముక్కు కిందికి దించిందా, గొలుసు చటుక్కున లాగేవాడు. షోలో నేల వాసన చూసే కుక్కకు మార్కులు పోతాయట. రెండేళ్లు ఇదే పాఠం.

ఈ పాఠం చూసినప్పుడల్లా వీరయ్య పకపకా నవ్వేవాడు. వీరయ్య పోలీసు కుక్కల దగ్గర పాతికేళ్లు పనిచేసి దిగిపోయిన ముసలివాడు. యూసుఫ్‌గూడలో ఒంటిగా ఉంటూ, షూటింగులకు కుక్కల్ని తెచ్చి ఇచ్చేవాడు. పట్టాభిరామయ్యగారు డ్యూక్‌తో ఒక సినిమా తీయాలని ముచ్చటపడి ఆయన్ను పిలిపించారు. మొదటిరోజు లైట్లు వెలగగానే డ్యూక్ దొంగ వెంట పడకుండా కాలు చాచి, తల ఎత్తి నిలబడిపోయింది. దొంగ వేషం వేసినతను రెండుసార్లు దాని ముందు నుంచే పరుగెత్తి, మూడోసారి నడుచుకుంటూ పోయాడు.

"ఏంది రమణా, గిది కుక్కనా, గోడకు కట్టిన ఫోటోనా?" అన్నాడు వీరయ్య.

"నువ్వు తెచ్చే వాటిలాగా వీధుల్లో తిరిగేది కాదు తాతా. జాతి కుక్క."

"జాతి పనిల ఉంటది గని నడుముల ఉంటదా? దీని తాతల తాతలు గొర్లు కాసినయి. మీరు అద్దం ముందర నిలబెట్టిండ్రు."

"అయితే ఇక పనికి రాదంటావా తాతా?" అని పుష్పవల్లి అడిగింది. ఆమె అడిగింది సినిమా గురించి కాదు. వంట చేసుకునే వేళ సీతను ఆ కుక్క పక్కనే కూర్చోబెట్టుకుంటోంది. అది తన బిడ్డను కాస్తుందో లేదో తెలియాలి ఆమెకు.

వీరయ్య ఆమె వైపు, డ్యూక్ చెవి పట్టుకుని ఆడుతున్న సీత వైపు చూశాడు. "ముక్కు యాడికి పోతది బిడ్డా? లోపల ఉండే ఉంటది. బయటికి రానిస్తరా మీరు, గదే నా ఫికర్" అన్నాడు.

మే నెలలో ఒక మధ్యాహ్నం ఆ భయం నిజమైంది. పుష్పవల్లి అన్నం వార్చి వచ్చేసరికి గుమ్మంలో సీత లేదు. డ్యూక్‌ను స్నానానికి తీసుకెళ్లారు. కంచె కింద సందులో సీత ఎర్ర రిబ్బను వేలాడుతోంది.

ఆమె కేకకు ఇంటిల్లిపాదీ వచ్చారు. అమ్మగారు శారదాదేవి చెప్పులు లేకుండానే పరుగెత్తి వచ్చింది. పక్క స్థలం మేస్త్రీ పేలుడు ఆపించి, తన పనివాళ్లను కూడా పంపాడు. అందరూ బండలెక్కి "సీతా, సీతా" అని పిలవసాగారు. ఆ పిలుపు ఒక్కొక్కటీ పుష్పవల్లి గుండెలో గుచ్చుకుంది. ఎవరికోసం పిలుస్తున్నారు? వినేదెవరు?

"డ్యూక్‌ను తీసుకురండి!" అని ఆమె అరిచింది.

వేంకటరమణ దాన్ని తెచ్చాడు. అలవాటు కొద్దీ ఆ వెండిరంగు గొలుసే వేశాడు. గొంతు కింద ఎత్తిపట్టాడు. పుష్పవల్లి సీత గౌను దాని ముక్కుకు అందించింది. డ్యూక్ వాసన చూసింది. చుట్టూ ఇంతమంది జనం, అందరి కళ్లూ తన మీదే. కాలు చాచింది, తల ఎత్తింది, బొమ్మలా నిలబడింది.

"వెళ్లు! వెతుకు!" అంటూ వేంకటరమణ గొలుసు లాగాడు. లాగిన కొద్దీ అది ఇంకా నిటారుగా నిలబడింది. మళ్లీ లాగాడు. అలా ఎంతసేపు గడిచిందో. ఎండ నెత్తి మాడ్చేస్తోంది. పుష్పవల్లి గౌను పట్టుకుని అలాగే మోకాళ్ల మీద ఉండిపోయింది.

ఆ రోజు షూటింగు సంగతి మాట్లాడటానికి వచ్చిన వీరయ్య గేటు దగ్గర సంగతి విని ఆయాసపడుతూ వచ్చాడు. చూడగానే అర్థమైంది ఆయనకు.

"గొలుసు తియ్యి రమణా."

"తీస్తే పారిపోతుంది తాతా!"

"పోనీరా అయ్యా, పోవాల్ననే కదా! గది మెడల ఉన్నంతసేపు షో జడ్జి వచ్చిండనుకుంటది. తియ్యి!"

గొలుసు తీశారు. అయినా డ్యూక్ తల దించలేదు. కళ్లు మాత్రం తిప్పి వేంకటరమణ చేతివైపు చూసింది, దెబ్బ ఎటునుంచి వస్తుందోనని. అప్పుడు వేంకటరమణ రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, మొహం పక్కకు తిప్పుకుని, "నేనే చెడగొట్టాను... నేనే" అని ఏడ్చాడు. పుష్పవల్లి గౌనును నేలమీద పరిచి, దాని పక్కనే తన చెంప ఆనించింది.

"దించు నాన్నా. ఎవరూ కొట్టరు."

డ్యూక్ నెమ్మదిగా ముక్కు దించింది. ఒకసారి అదిరిపడి ఎత్తింది. గొలుసు లాగినవాళ్లు లేరు. మళ్లీ దించింది. ఈసారి ఎత్తలేదు. కంచె దాకా వెళ్లి, రిబ్బను దగ్గర ఆగి, సందులోంచి దూరి బండలెక్కింది. ఎక్కడం దానికి రాదు. రెండుసార్లు వెనకకాళ్లు జారి బొక్కబోర్లా పడింది. లేచి, ముక్కు మాత్రం రాయి మీదినుంచి తీయకుండా పాకినట్టు పోయింది.

రెండు బండల మధ్య మనిషిలోతు నెర్రెలో ఉంది సీత. ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లింది. ఎవరూ అక్కడికి చేరకముందే డ్యూక్ దూకేసింది. వాళ్లు తొంగిచూసేసరికి పిల్ల మొహం నాకుతోంది. పిల్లను పైకి అందించాక దాన్ని లేవమంటే ముందుకాళ్లే లేచాయి.

మూడో రోజు పశువుల డాక్టరు ఎక్స్‌రే చూపించాడు. వెనకకాళ్లు పడిపోయింది దూకినందుకే కాదట. తుంటి కీళ్ల గిన్నెలు పుట్టినప్పుడే లోతు తక్కువట. ఆ వెన్నువాలు కోసం తరతరాలుగా ఏరి ఏరి జతకట్టించిన జాతిలో ఇది ఉంటుందట. బండలెక్కే నడుము కాదట అది.

"ఇక మద్రాసు షోకూ పనికిరాదు, సినిమాకూ పనికిరాదు. ఇలా ఈడ్చుకుంటుంటే చూడలేం. రేపు పొద్దున ఇంజెక్షన్ ఇప్పించేద్దాం" అన్నారు పట్టాభిరామయ్యగారు. ఆయన చెడ్డవాడు కాదు. చెబుతూ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. శారదాదేవి లోపలికి వెళ్లిపోయింది.

పుష్పవల్లి గుమ్మం పక్కనే ఉంది, చంకలో సీత. అయ్యగారూ, అది నా బిడ్డను తెచ్చిచ్చింది, మా గదిలో పడి ఉంటుంది, నేను చూసుకుంటాను అని చెప్పాలి. ఆ మాటలు గొంతు దాకా వచ్చాయి. ఎదురు చెబితే గది ఖాళీ చేయమంటారేమో, ఈ పిల్లను పెట్టుకుని ఎక్కడికి పోవాలి అనుకుంది. నోరు విప్పలేదు. సీత కుక్క వైపు చేతులు చాపుతుంటే ఆ చేతులు పట్టుకుని లోపలికి తెచ్చేసింది.

అడిగినవాడు వీరయ్య ఒక్కడే. "సార్, నాకియ్యిండ్రి. నేను సుత ముసలోణ్నే. ఇద్దరం ఈడ్చుకుంట బతుకుతం" అన్నాడు. ఆటోలో దాని తల ఒళ్లో పెట్టుకుని తీసుకుపోయాడు.

కుక్క లేని ఇంట్లో కుక్కను చూసే మనిషి ఎందుకు? నెల తిరిగేసరికి వాళ్లూ ఆ గది వదిలి తెనాలి చేరారు. ఆమె మౌనం వాళ్లను ఒక్క నెల కూడా కాపాడలేదు. సీత ఇప్పుడు గుంటూరులో చెవిటి, మూగపిల్లల బడికి వెళుతోంది. కుక్క బొమ్మ గీయమంటే ముక్కు నేలకు ఆనించి గీస్తుంది. తల్లి దాన్ని చూసి ప్రతిసారీ లేచి వంటింట్లోకి పోతుంది.

వీరయ్యకు చదువు రాదు. ఎవరితోనో రాయించి రెండు కార్డులు వేశాడు. మొదటిదానిలో, డ్యూక్ ఎండలోకి జరుగుతోంది, అన్నం బాగానే తింటోంది అని ఉంది. రెండోదానిలో తనకు దగ్గు పట్టిందనీ, రాత్రుళ్లు అది పక్కనే పడుకుంటోందనీ ఉంది. ఆ తరువాత ఏడాదిన్నరగా ఏమీ లేదు. పుష్పవల్లి రాసిన కార్డులు నాలుగూ వెనక్కి రాలేదు, జవాబూ రాలేదు.

కాబట్టి ఈ కథ చదివిన వాళ్లలో ఎవరైనా యూసుఫ్‌గూడ వైపు వెళితే, చెక్‌పోస్టుకు ఇవతల సందుల్లో కుక్కల వీరయ్య అని అడగండి. పొడుగ్గా, బక్కగా ఉంటాడు, ఎడమచేతి మీద పాత పంటిగాటు ఉంటుంది. తలుపు తీయకపోతే ఇంకాస్త గట్టిగా తట్టండి, ముసలివాడు కదా. తిన్నాడో లేదో, దగ్గు తగ్గిందో లేదో కనుక్కోండి. పక్కన వెనకకాళ్లు లేవని కుక్క ఉందేమో చూడండి. చూసి, ఒక్క కార్డు ముక్క రాయండి.