అరవై కుండల మాట

తొమ్మిదింటికల్లా కరెంటు పోతుంది. అందుకని దుర్గ పొద్దున్నే లేచి మోటారు వేసి తొట్టి నింపుకుంటుంది, ఫోను చార్జింగులో పెడుతుంది, ఆ తర్వాతే మొహం కడుక్కుంటుంది. బర్మాలోని తాకేటా పేటలో వాళ్ల వీధి చివర, పజున్‌డౌంగ్ వాగు ఒడ్డున, ఒకప్పుడు బియ్యం మిల్లువాళ్లు బస్తాలు దాచుకున్న రేకుల షెడ్డు ఉంది. అదే ఇప్పుడు ఆమె కార్ఖానా. ట్వంటే నుంచి పడవ మీద వచ్చిన బంకమట్టి ఒక మూల, జల్లించిన ఊక ఇంకో మూల. రెండూ కలిపి పిసికి, సారె మీద కుండ తీసి, ఆవంలో కాలుస్తారు. మట్టిలోని ఊక కాలిపోయి కంటికి ఆననంత సన్నటి కన్నాలు మిగులుతాయి. కుండలో వాగు నీళ్లు పోస్తే, కింద పెట్టిన ప్లాస్టిక్ బకెట్లోకి మంచినీళ్లు చుక్కచుక్కగా దిగుతాయి.

ఆ చుక్కలు మాట్లాడతాయి. చేసిన చేతిని బట్టి మాట. షెడ్డులో పనిచేసే బాలామణి పెద్దమ్మ కుండ పొద్దస్తమానం సణుగుతుంది. మోకాళ్ల నొప్పులు, కోడలి ఉప్పులేని పులుసు, ఆలస్యంగా వచ్చే బస్సు, అన్నీ అందులోంచి వినపడతాయి. పైడితల్లి కుండ నవ్వుతుంది, ఎందుకు నవ్వుతుందో దానికే తెలీదు. సంచౌంగ్ నుంచి వచ్చే బర్మా కొనుగోలుదార్లకు తెలుగు రాదు. వాళ్లు కుండలో చెంబుడు నీళ్లు పోయించుకుని, తల వంచి విని, "ఇది మరీ గొణుగుతోంది, మా ఆయనకి నిద్ర పట్టదు. అదిగో, ఆ నవ్వేది ఇవ్వండి" అంటారు. దుర్గ కాగితం చుట్టి ఇస్తుంది.

దుర్గ ముత్తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడరేవులో బస్తాలు మోయడానికి వచ్చాడు. తాతా అదే పని చేశాడు. నాలుగేళ్ల కిందట దుర్గ పట్నంలో ఆరు నెలల నాయకత్వ శిక్షణకు వెళ్లింది. మీటింగు ఎలా పెట్టాలి, అర్జీ ఎలా రాయాలి, ఆఫీసరు ముందు గొంతు వణక్కుండా ఎలా నిలబడాలి, అన్నీ నేర్పారు. పట్టా చేతికొచ్చి షెడ్డు గోడకెక్కిన నెలకే వీధి మురిక్కాలువ పూడిక తీయించింది. తర్వాత రక్తం ఇచ్చేవాళ్ల జాబితా తయారుచేసింది. బర్మా భాష సరిగా రాని ముసలమ్మల్ని ఆసుపత్రికి తీసుకెళ్లి, వాళ్ల బదులు డాక్టరుతో తానే మాట్లాడేది. ఒకసారి బాలామణికి డొక్కలో నొప్పైతే కడుపునొప్పి అని చెప్పి కడుపుకి మందు రాయించుకొచ్చింది. బాలామణి ఆ మందు మింగి ఊరుకుంది. వీధిలో ఎవరికి ఏం కావాలన్నా, "దుర్గ సెప్తాదిలే" అనేవారు.

ఆ షెడ్డులో అందరికన్నా మంచి చెయ్యి మణిమాలది. పదిహేడేళ్ల పిల్ల. తండ్రి అప్పయ్య రోజూ బస్సెక్కి వంతెన దాటి తన్‌లిన్‌లో లారీలకు సరుకెత్తడానికి పోతాడు. మణిమాలకు నత్తి. మాట గొంతులో అడ్డం పడితే మెడ నరాలు బిగుసుకునేవి, కళ్లలో నీళ్లు తిరిగేవి. రెండేళ్ల కిందట దుర్గ దగ్గర పనిలో చేరింది. ఆమె కుండలు గుడ్డులా నున్నగా వచ్చేవి. నీళ్లు పోస్తే మొదటి చుక్క దగ్గర ఏదో చిన్న చప్పుడు, అంతే, తర్వాత మౌనం. పక్కనున్న కుండల వాగుడులో ఆ చప్పుడు కూడా ఎవరూ పట్టించుకునేవారు కాదు.

ఈ ఏడాది ఒక దాతల సంఘం వచ్చి, జూన్‌లో బళ్లు తెరిచేలోపు బౌద్ధ మఠాల బళ్లకు అరవై కుండలు కావాలంది. అలాంటి ఒక మఠం బడిలో పాఠాలు చెప్పే డా ఖిన్ మ్యా ముందే హెచ్చరించింది.

"మాట్లాడే కుండలు మాత్రం వద్దమ్మా. పిల్లలు నా పాఠం మానేసి కుండ కబుర్లు వింటారు."

కాబట్టి అరవై కుండలూ మణిమాలే చెయ్యాలి. అవి నచ్చితే వచ్చే ఏడాది రెండు వందలు, తన్‌లిన్ బళ్లన్నిటికీ. దుర్గ ఆ తలపుతోనే తేలిపోయింది. రోజూ సాయంత్రం సారె పక్కన నిలబడి, "ఏటే మణీ, అలిసిపోనావా? ఏటైనా కావాలా?" అని అడిగేది. పిల్ల పెదాలు కూడదీసుకునేలోపే, "ఏటీ లేదులే, బాగానే ఉన్నావు" అని తానే జవాబు చెప్పేసి ముందుకు సాగిపోయేది.

మే నెలలో అరవయ్యో కుండ ఆవంలోంచి బయటికొచ్చింది. ఇక పరీక్ష మిగిలింది. ప్రతి కుండలో నీళ్లు పోసి, ఎంత వేగంగా దిగుతున్నాయో చూడాలి. ఆ రోజు మిగతా కుండలన్నీ అమ్ముడుపోయి, షెడ్డులో మణిమాల కుండలే ఉన్నాయి. దుర్గ వాటిని అడుగున గీసిన తేదీల వరసలో చెక్కల మీద పేర్చి, మొదటి కుండ నుంచి చెంబుతో పోసుకుంటూ వెళ్లింది. వాగు మీద పొగమంచులాంటి ఆవిరి లేచింది. రేకుల కన్నాల్లోంచి ఎండ నాణేల్లా పడుతోంది. బాలామణి ఒక పక్క కూర్చుని మట్టి పిసుకుతోంది.

మొదటి కుండ చుక్క రాల్చింది. "నా" అంది.

రెండోది "కు" అంది.

దుర్గ చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది. మూడోది "బ" అంది, నాలుగోది "డి" అంది. వరసలో ఒక్కో కుండా తన ఒక్క అక్షరం రాల్చి ఊరుకుంటోంది. దుర్గ తడబడుతూ మిగతావాటిలో నీళ్లు పోసింది. పన్నెండో కుండతో మాట పూర్తయింది. పదమూడోది మళ్లీ మొదలుపెట్టింది. అరవై కుండలూ అయిదుసార్లు ఒకటే అన్నాయి, ఎక్కడా తడబడకుండా.

"నాకు బడికెల్లాలనుంది దుర్గప్పా."

బాలామణి మట్టిలోంచి చేతులు తీసింది.

"పెద్దమ్మా, విన్నావా?"

"విన్నాను. రెండేళ్లబట్టీ సెప్తానే ఉన్నాది పిల్ల. మనం ఒక్కో కుండా ఒక్కో ఇంటికి అమ్మేసినాం."

కాసేపటికి మణిమాల అన్నం క్యారేజీ పట్టుకుని వచ్చింది. వరసలో తడిసి ఉన్న కుండల్ని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. దుర్గ ఆమెను పక్కన కూర్చోబెట్టుకుంది.

"మణీ, బడికి ఎల్తావేటే?" అని అడిగింది.

అడిగి, జవాబు తనే చెప్పకుండా ఉండటానికి పళ్లు బిగించుకుంది. వాగులో ఒక పడవ ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు పోయింది. మణిమాల మెడ నరాలు బిగిశాయి, వదిలాయి.

"ఎ... ఎల్తాను. క్లాసులో న... నవ్వీవోరు. అందుకే మా... మానీసినాను. ఇ... ఇప్పుడు నవ్వినా ఎల్తాను."

"మరి నాతో ఎందుకు సెప్పలేదే?"

ఈసారి ఇంకా ఎక్కువసేపు పట్టింది.

"ను... నువ్వు ఆగలేదు కదప్పా."

దుర్గ గోడ మీది పట్టా వైపు చూడబోయి, చూడలేక తల దించుకుంది.

మర్నాడు ఆదివారం ఇద్దరూ అప్పయ్య ముందు కూర్చున్నారు. విషయం బడి గురించని తెలియగానే అప్పయ్య విసుక్కున్నాడు.

"పదిహేడేళ్లు వొచ్చినాయి, ఇప్పుడు బడేటి? మంచి పనిలో ఉన్నాది కదా. అసలేటి దుర్గా నీ గొడవ?"

దుర్గ దగ్గర జవాబులు బోలెడున్నాయి. వార్డు ఆఫీసులో ఆఫీసర్లను ఒప్పించిన నోరు అది.

"నాను సెప్పను మావా. అది సెప్తాది. నువ్వు ఆగాలి, అంతే" అంది.

అప్పయ్య చుట్ట వెలిగించాడు. మణిమాల మొదలుపెట్టింది. మధ్యలో రెండుసార్లు అతను ఏదో మాట అందివ్వబోయి, దుర్గ చూపు చూసి ఊరుకున్నాడు. చదువంటే తనకెంత ఇష్టమో, సారె తిప్పుతూ పాత పాఠాలు ఎలా వల్లె వేసుకుంటుందో, తల్లి పోయాక ఇంట్లో తన మాట కోసం ఆగేవాళ్లు లేకపోయారన్న సంగతీ ఆ పిల్ల ముక్కముక్కలుగా చెప్పింది. చుట్ట వేళ్ల దాకా కాలింది. అతను దాన్ని నేల మీద నలిపాడు.

"మీ అమ్మ ఆగీది" అన్నాడు చివరికి. "ఎల్లమ్మా. సదూకో."

దాతల సంఘానికి దుర్గ ఫోన్ చేసింది. అరవై కుండలూ సిద్ధం, రెండు వందలు మాత్రం తనవల్ల కాదు అంది. అవతలి మనిషి కారణం అడిగాడు. "చేసే అమ్మాయి చదువుకోడానికి వెళుతోంది" అని చెప్పి, అతను ఏమంటాడో చివరిదాకా విన్నది. అతను మంచిదే అన్నాడు, కానీ ఆ పని వేరేవాళ్లకు ఇవ్వాల్సొస్తుందన్నాడు. దుర్గ ఫోను పెట్టేసింది. తన్‌లిన్ బళ్లు ఒక్కొక్కటే కళ్లముందు నించి పోయాయి. తర్వాత మట్టి పిసకడానికి పైడితల్లి పక్కన చేరింది.

జూన్‌లో వాన పట్టిన రోజు మఠం బడి తెరిచారు. మణిమాల అక్కడి బడిపిల్లల్లాగే తెల్ల జాకెట్టు తొడుక్కుని, ఆకుపచ్చ లుంగీ కట్టుకుంది. తనకన్నా చిన్నపిల్లలు నలభైమంది తలలు తిప్పి చూస్తుంటే, డా ఖిన్ మ్యా హాజరు పుస్తకం తెరిచి పేరడిగింది.

మణిమాల పెదాలు కదిలాయి, మాట రాలేదు. గుమ్మం దగ్గర గొడుగు పట్టుకుని నిలబడ్డ దుర్గ అలవాటు కొద్దీ నోరు తెరిచింది. తెరిచి, మళ్లీ మూసుకుంది. రేకుల మీద వాన దంచుతోంది. టీచరమ్మ కలం ఎత్తి పట్టుకునే ఉంది.

"మ..." అంది మణిమాల. ఊపిరి పీల్చుకుంది. "మ... మణిమాల."

బర్మాలో పెద్దావిడల పేరుకు ముందు 'డా' అన్నట్టే, వయసు పిల్లల పేరుకు ముందు గౌరవంగా 'మ' చేరుస్తారు, పుస్తకంలోనూ అలాగే రాస్తారు. అందుకని పిల్లలకు అందులో నవ్వడానికేమీ కనపడలేదు. టీచరమ్మ తల ఊపి, విన్నది విన్నట్టే "మ మణిమాల" అని గుండ్రటి అక్షరాలతో రాసుకుని, కిటికీ పక్కన ఖాళీగా ఉన్న చోటు చూపించింది.