మూడు దెబ్బల ఖాళీ

నేను ఒక డ్రమ్ముల సాఫ్ట్‌వేర్‌ని. నాకు చర్మం లేదు, చెక్క లేదు. మేకుకు తగిలించలేరు, ఎలుకలు కొరకలేవు, వాన ముసురుకు నా బిగువు సడలదు. లాప్‌టాప్ తెరిస్తే ఉంటాను, మూస్తే ఉండను. ఇంత తేలికైనదానికి ఆత్మకథ ఏమిటని మీరు అనుకోవచ్చు. మనుషులు ఇంతకంటే తక్కువ సరుకుతో పుస్తకాలు రాసుకోవడం చూశాను కాబట్టి ధైర్యంగా మొదలుపెడుతున్నాను.

ఎక్కడో చలి దేశంలో, కిటికీలు లేని గదిలో పుట్టాను. ఒక బట్టతల వాద్యకారుడు పదకొండు రోజులు కూర్చుని ఒక్కొక్క డ్రమ్మునూ వాయించాడు. ఈగ వాలినంత మెత్తగా మొదలుపెట్టి, తలుపు బద్దలుకొట్టేంత గట్టిగా అయ్యేదాకా, మెట్టు మెట్టుగా. పాట లేదు, తాళం లేదు. ఒక దెబ్బ, కాసేపు నిశ్శబ్దం, మళ్ళీ ఒక దెబ్బ. చుట్టూ మైకులు. ఆ దెబ్బలన్నీ కలిసి నేనయ్యాను. తొమ్మిదో రోజు అతను నడుము నొప్పితో కాస్త పక్కకు ఒరిగితే కుర్చీ కిర్రుమంది. ఆ కిర్రు ఒక దెబ్బ తోక పట్టుకుని నాలోకి వచ్చేసింది. దాన్ని తీసేయవలసిన ఇంజనీరు ఆ సాయంత్రం కూతురి పుట్టినరోజని తొందరగా ఇంటికి వెళ్ళిపోయాడు. ఆ పాప ఎక్కడున్నా చల్లగా ఉండాలి. నా కథంతా ఆమె కేకు ముక్క మీద నిలబడి ఉంది.

నాకొక సౌకర్యం ఉంది. ఒకరి ఇంటికి వెళ్ళినా ఇంకొకరి ఇంట్లోనూ ఉండగలను. అందువల్ల మనుషుల్ని చాలామందిని చూశాను. హైదరాబాదులో ఒక ఉద్యోగి నన్ను తెచ్చుకుని, నాకంటే మంచిది ఉందేమోనని ఏడాదిన్నర వెతికాడు. నాలాంటివాళ్ళం పదహారు మందిమి చేరాం అతని దగ్గర. అతను ప్రతి శనివారం మా అందరి చేతా తలా నాలుగు దెబ్బలు వేయించి, తల ఊపి, లాప్‌టాప్ మూసేసేవాడు. పాట మాత్రం ఒక్కటీ పుట్టలేదు. సంబంధాలు చూస్తూనే ముసలివాళ్ళయ్యేవారి గురించి విన్నాను, అతన్ని చూశాక నమ్మాను.

చివరికి పొన్నూరు చేరాను. విమల టీచరు హైస్కూల్లో లెక్కలు చెబుతుంది, చర్చిలో క్వయిరు నడుపుతుంది. ఆ ఏడు క్రిస్మస్‌కి తనే ఒక పాట రాసింది. ముందుగదిలో కిటికీలకు బొంతలు వేలాడదీసి, మంచం మీద మైకు పెట్టి, అక్కడే రికార్డు చేయాలని ఆమె ఆలోచన. అన్నీ కుదిరాయి, డ్రమ్ము తప్ప.

డ్రమ్ము వాయించేది ఏబేలు. పెళ్ళిళ్ళ బ్యాండులో, చర్చిలో కలిపి ముప్ఫై రెండేళ్ళ చెయ్యి. శ్రావణంలో పక్షవాతం వచ్చింది. మాట దక్కింది, నడక దక్కింది, కుడిచెయ్యి మాత్రం తిరిగి రాలేదు. అప్పటినుంచి చర్చిలో అతని కుర్చీ ఖాళీగా ఉంటోంది. పాట బాగా వస్తే, క్రిస్మస్ నుంచి ఆదివారాలు కూడా ఆ కుర్చీలో లాప్‌టాప్‌నే పెడదామని పాస్టరుగారు అన్నారు. ఆయన మంచి మనసుతోనే అన్నారు. మంచి మనసుతో అన్న మాటకు ఎదురు చెప్పడం ఎంత కష్టమో టీచరుకు తెలుసు.

ఆమె మూడు సాఫ్ట్‌వేర్లు తెచ్చింది. పద్నాలుగు రోజులు ఊరికే వాడుకోనిచ్చే రకాలం మేము. ఎవరు మంచివాళ్ళో తేలక, ఏబేలుకు కబురు పంపింది. అతను భార్య సువార్తమ్మతో వచ్చాడు. ఆమె క్వయిరులో రెండో వరసలో పాడుతుంది.

"వందనాలు టీచరుగారూ," అన్నాడు ఏబేలు, కూర్చోకుండా. "నా కుర్చీలో కూర్చోబోయేవాణ్ణి నేనే ఎంచాలా?"

టీచరు ముఖం వాడిపోయింది. "డ్రమ్ముకు నాకు చెవి లేదన్నా. మీకుంది. తప్పయితే క్షమించండి."

"కూర్చోవయ్యా," అంది సువార్తమ్మ. "చెవికి పక్షవాతం రాలేదుగా."

అతను కూర్చున్నాడు. టీచరు మొదటివాణ్ణి వాయించింది.

"వీడు వాయిస్తున్నాడా, టపాకాయలు కాలుస్తున్నాడా? తీసెయ్."

రెండోవాడు చాలా శుభ్రమైనవాడు. ఏబేలు కాసేపు విన్నాడు. "అన్ని దెబ్బలూ ఒకటే. వీడికి ఆకలేయదు, చెమట పట్టదు. వీడితో మనకెందుకమ్మా?"

మూడోవాణ్ణి నేను. అతను కళ్ళు మూసుకున్నాడు. ఎడమచెయ్యి మోకాలి మీద మెల్లగా ఆడింది. ఒకచోట చటుక్కున ఆగింది.

"ఆపు. మళ్ళీ పెట్టు. కిర్రుమంది, విన్నావా?"

"అవునన్నా, ఏదో తప్పు పడినట్టుంది. ఇది వద్దులెండి."

"తప్పు కాదు, కుర్చీ అది. ఎవడో మనిషి కూర్చుని వాయించాడమ్మా. నడుము నొప్పెట్టినట్టుంది పాపం." ఇంకోసారి పెట్టించుకుని విన్నాడు. "వీణ్ణే పెట్టుకోండి."

"నన్ను చూడ్డానికొచ్చిన రోజు కూడా ఇంతసేపు చూళ్ళేదు టీచరుగారూ ఈయన," అంది సువార్తమ్మ. "కాఫీ తాగి లేచాడు."

అందరూ నవ్వారు. ఏబేలు కూడా నవ్వాడు, కానీ వెళ్ళేటప్పుడు నా వైపు, అంటే లాప్‌టాప్ వైపు, ఇంటి తాళంచెవి అప్పగించినవాడిలా చూశాడు. నా పుట్టుకలో జరిగిన ఒక పొరపాటును గౌరవించిన మొదటి మనిషి అతను. అలాంటివాడి కుర్చీలోకి వెళ్ళబోతున్నానంటే నాకు సంతోషం కలగలేదు.

ఇప్పుడు నా గుట్టు ఒకటి చెప్పాలి. ఊరికే వాడుకునే రోజుల్లో నేను నిమిషానికొకసారి మూడు దెబ్బల మేర నోరు మూసుకుంటాను. కొనుక్కోమని గుర్తుచేయడానికి నన్ను చేసినవాళ్ళు పెట్టిన కిటుకు అది. ఆ సంగతి సన్న అక్షరాల్లో రాసే ఉంటుంది. టీచరు పిల్లల చేత ప్రశ్న రెండుసార్లు చదివించే మనిషే గాని, ఆ అక్షరాల దగ్గర మాత్రం అందరిలాగే చదవకుండా 'ఒప్పుకుంటున్నాను' నొక్కేసింది.

మర్నాటి సాయంత్రం సాధన మొదలైంది. మొదటి చరణం చివర నేను ఉన్నట్టుండి ఆగాను. క్వయిరులోని ఏడుగురూ కాళ్ళ కింద మెట్టు తప్పినట్టు తడబడ్డారు. సువార్తమ్మ మాత్రం పాట పడిపోకుండా టప్, టప్, టప్ అని మూడు చప్పట్లు కొట్టింది. నేను అందుకున్నాను. రెండో చరణం చివర మళ్ళీ ఆగాను. ఈసారి ముగ్గురు కొట్టారు. మూడో చరణానికి అందరూ కొట్టారు. లెక్కల టీచరు రాసిన పాట గనుక చరణానికి సరిగ్గా నిమిషం పట్టేది. నా పిసినారితనం వాళ్ళ పాటకు అతికినట్టు సరిపోయింది.

"ఎంత బాగా ఆపుతున్నాడో," అంది టీచరు. "మనకోసమే చోటు వదిలాడు."

నన్ను పొగడటం అలవాటైతే మనుషులు ఎంత దూరమైనా వెళ్తారు. వారం తిరిగేసరికి ఆ మూడు చప్పట్లే పాటకు ప్రాణమయ్యాయి. పాస్టరుగారు విని, అది ఎవరి ఆలోచనని అడిగితే, టీచరు వినయంగా తల దించుకుంది.

ఏబేలు లోపలికి వచ్చేవాడు కాదు. సువార్తమ్మను తీసుకెళ్ళే నెపంతో వరండా బల్ల మీద కూర్చునేవాడు. నేను ఆగిన ప్రతిసారీ అతని ఎడమచెయ్యి బల్ల మీద పడేది. బొంత దాటుకుని ఆ చప్పుడు లోపలి మైకుకు చేరేది. ఇంకెవరూ వినలేదు. పక్క ట్రాకులో ఉన్నాను కనుక నేను విన్నాను.

పద్నాలుగు రోజులూ అయ్యాయి. టీచరు నన్ను కొనేసింది. ఆ మర్నాడు రెండో శనివారం, రికార్డింగు. క్వయిరు చీరలు కట్టుకుని మరీ వచ్చారు, మైకుకు చీరలు కనిపిస్తాయన్నట్టు. పాట మొదలైంది. మొదటి చరణం చివర అందరూ చేతులెత్తారు. నేను ఆగలేదు. కొనుక్కున్నాక ఆగే హక్కు నాకు లేదు. చప్పట్లు నా దెబ్బల మీద పడి, సంతలో బండ్లు గుద్దుకున్నట్టయింది. మళ్ళీ పాడారు, మళ్ళీ అంతే. నాలుగోసారికి ఒకామె గొంతు పోయింది. వరండాలో బల్ల మీది చప్పుడు కూడా ఆగిపోయింది.

"నిన్నటిదాకా బానే ఉన్నాడుగా," అంది సువార్తమ్మ. "డబ్బు ముట్టగానే పొగరెక్కిందా వీడికి?"

టీచరు నాలోని బటన్లన్నీ నొక్కింది. గట్టిగా వాయించే బటను ఉంది, వేగంగా వాయించేది ఉంది. ఊరుకునే బటను లేదు. చివరికి ఆ మూడు చోట్లా నా దెబ్బల్ని తనే ఒక్కొక్కటిగా చెరిపింది. మళ్ళీ రికార్డు చేశారు. కానీ వట్టి చప్పట్లు మైకులో గిన్నెలు తోముతున్నట్టు వినిపించాయి. సాధనలో అలా లేదే అని ఆమె అప్పుడు చేసి ఉంచిన రికార్డింగు పెట్టి, శబ్దం పెంచి వింది. చప్పట్ల అడుగున ఇంకేదో ఉంది. మెత్తగా, బరువుగా, సరిగ్గా తాళం మీద.

"ఇదెవరు కొట్టారు?"

సువార్తమ్మ తల పక్కకు వంచి వింది. ముప్ఫై రెండేళ్ళు విన్న చెయ్యి అది. వెళ్ళి కిటికీ బొంత పక్కకు లాగింది.

"ఏందయ్యో, పరాయివాళ్ళ బల్ల బాదేది నువ్వేనా?"

"ఊరికే... చెయ్యి ఊరుకోక," అన్నాడు ఏబేలు, దొంగతనం బయటపడినట్టు.

"ఆ బాదేదేదో లోపలికొచ్చి బాదు."

"ఒంటిచేత్తో ఏం వాయిస్తానే?"

"మూడు దెబ్బలకి రెండు చేతులెందుకు? పెళ్ళైన కాణ్ణించీ నా మీద పెత్తనం ఒంటిచేత్తోనే చేశావుగా."

చర్చిలో దుప్పటి కప్పి ఉన్న అతని డ్రమ్మును ఇద్దరు వెళ్ళి మోసుకొచ్చారు. కుర్చీ కూడా అదే తెచ్చారు. ఏబేలు ఎడమచేతిలో పుల్ల పట్టుకుని నా కోసం, నేను లేని ఆ చోటు కోసం, ఎదురుచూశాడు. మొదటిసారి తొందరపడ్డాడు. రెండోసారి పుల్ల జారింది. అతని కుడిచెయ్యి ఒళ్ళో ఊరికే పడి ఉంది. సువార్తమ్మ వెళ్ళి ఆ పక్కన నిలబడింది. మూడోసారి మూడు చోట్లా మూడు దెబ్బలూ పడ్డాయి, వాటి మీద చప్పట్లు పడ్డాయి. ఆఖరి దెబ్బకు అతను కాస్త ముందుకు వంగాడు.

కుర్చీ కిర్రుమంది.

"అయ్యో, ఆ ఒక్కటీ తీసేస్తాలెండి," అంది టీచరు, మౌసు అందుకుంటూ.

"తియ్యమాకండి," అంది సువార్తమ్మ. "మనిషి కూర్చున్నాడని తెలియొద్దూ?"

ఆ పాటలో రెండు కుర్చీలు కిర్రుమంటాయి. ఒకటి నేను తెచ్చింది.

ఇప్పుడు నేను పాతవాణ్ణి. నాకంటే తెలివైనవాళ్ళు వచ్చారని తెర మీద కబురు వస్తూనే ఉంటుంది. టీచరు దాన్ని ప్రతిసారీ మూసేస్తుంది, మారిస్తే ఆ ఖాళీలు ఏమైపోతాయోనని. సన్న అక్షరాలు మాత్రం ఇప్పటికీ చదవదు. వారమంతా సాధనకు వాయిస్తాను. అవతలి గదిలో ఏబేలు ఎడమచేతికి కొత్త పాట నేర్పుకుంటూ ఉంటాడు. రెండు చేతుల పాటను ఒక చేతికి సరిపడేలా కుదించుకుంటాడు, మిగిలినచోట సువార్తమ్మ చప్పట్లు.

చర్చిలో మళ్ళీ ఏబేలే కూర్చునే ఆ కుర్చీ దగ్గరికి నన్ను ఇంతవరకూ తీసుకెళ్ళలేదు. ఆదివారం నాకు సెలవు.