పెద్దబండి లైసెన్సు

ఆవులు వెళ్ళిపోయిన తరువాత కూడా షొజి చీకటితోనే లేచేవాడు. రబ్బరు బూట్లు తొడుక్కుని కొట్టంలోకి వెళ్ళేవాడు. పాలు పితికే గొట్టాలు ఇంకా వేలాడుతున్న ఆ పొడవాటి షెడ్డులో ఒక బకెట్టు బోర్లించుకుని కూర్చునేవాడు. బాగా వెలుగు వచ్చాక ఇంట్లోకి వచ్చి టీ తాగి, మళ్ళీ కిటికీ దగ్గర కూర్చునేవాడు. భార్య చిహరు పలకరిస్తే తల ఊపేవాడు, అంతే.

చిహరుకు అప్పుడు నలభై తొమ్మిదేళ్ళు. పెళ్ళై బెత్సుకయి మైదానానికి కాపురానికి వచ్చిన మర్నాటి నుంచి ఆమెకు ఆవులే లోకం. ఆ ఏడు ఓడల్లో వచ్చే దాణా ధర ఆకాశానికెక్కింది. పాలు మిగిలిపోతున్నాయి, తగ్గించండని పాలసంఘం వాళ్ళు ఇల్లిల్లూ తిరిగి చెప్పారు. అది చాలదన్నట్టు ఒక చూడి ఆవు తన్ని షొజి భుజం విరిగింది. ఎముక అతుక్కుంది గాని ఆ చెయ్యి ఇక తలపైకి లేవలేదు. వాళ్ళకు పిల్లలు లేరు. సగం ఆవుల్ని పక్క పొలం నిహెయ్ కొన్నాడు. ముసలివీ వట్టిపోయినవీ కబేళాకు పోయాయి.

ఆకులు రాలే రోజుల్లో ఒక మధ్యాహ్నం, అన్నం తింటూ చిహరు చెప్పింది.

"ఏమయ్యా, నేను కుషిరో పట్నంలో డ్రైవింగు స్కూల్లో చేరుతున్నా. పెద్దబండికి."

"పెద్దబండంటే?"

"లారీ. పది చక్రాలది."

షొజి తినడం ఆపి ఆమె వైపు చూశాడు. "నీకేమైనా పిచ్చా? ట్రాక్టరు వెనక్కి తిప్పబోయి గేటు విరగ్గొట్టినదానివి."

"అది నువ్వు సగం తెరిచి వదిలేసిన గేటు."

"మనవల్ని ఎత్తుకునే వయసులో బడికి పోతుందట!"

"మనకి మనవలు లేరు కదా," అంది చిహరు.

అతను గిన్నె కింద పెట్టాడు. ఆమె ఆగలేకపోయింది. "పోనీ నువ్వెళ్తావా? ఎవరో ఒకరం ఏదో ఒకటి చెయ్యాలి."

"నా చెయ్యి సంగతి నీకు తెలీదా?"

"చెయ్యి లేవకపోయినా స్టీరింగు తిప్పొచ్చు. నీకు లేవనిది చెయ్యి కాదు, మనసు."

అన్న తరువాత నాలుక కరుచుకుంది. షొజి లేచి కొట్టంలోకి వెళ్ళిపోయాడు. ఆమె కుషిరో బస్సెక్కిన రోజున కూడా అతను కొట్టంలోనే ఉన్నాడు.

స్కూల్లో చేరకముందే కళ్ళ పరీక్ష. ఒక పెట్టెలో మూడు సన్నటి కడ్డీలు నిలబెట్టి ఉంటాయి. పక్కవి రెండూ కదలవు, నడిమిది ముందుకూ వెనక్కూ జరుగుతూ ఉంటుంది. మూడూ ఒక వరుసలోకి రాగానే మీట నొక్కాలి. చిహరు నొక్కిన ప్రతిసారీ నడిమి కడ్డీ ఎక్కడో ఉండేది. పరీక్ష చేసే అమ్మాయి మర్యాదగా, "కళ్ళజోడు మార్చుకుని రండి," అంది. కళ్ళజోళ్ళ దుకాణం ముసలాయన ఒకదాని మీద ఒకటి అద్దాలు మారుస్తూ, "ఈ వయసుకి ముందున్నదేదో వెనకున్నదేదో తెలియడం తగ్గుతుందమ్మా. అందరికీ అంతే," అన్నాడు. కొత్త అద్దాలతో గట్టెక్కింది.

ఆమెకు నేర్పినాయన పేరు కనమరు. పొట్టి మనిషి, అరవై దాటాయి. మెడలో తువ్వాలు, నోట్లో ఎప్పుడూ ఒక పిప్పరమెంటు. కుర్రాళ్ళంతా ఆయన్ను చూస్తే హడలిపోయేవారు.

"ఏమ్మా, మలుపు తిరిగేశావా?"

"తిరిగాను మాస్టారూ."

"నువ్వు తిరిగావు. నీ వెనక చక్రాలు పాపం ఇంకా అక్కడే గట్టెక్కి కూర్చున్నాయి. దిగి చూసిరా."

దిగి చూసేది. నిజంగానే చక్రం గట్టెక్కి ఉండేది. సందులోంచి పోనివ్వమంటే హద్దుకు నిలబెట్టిన కర్రలు పడగొట్టేది. రివర్సు చెయ్యమంటే బండి ఆమె అనుకున్న వైపుకు కాక రెండో వైపుకు పోయేది. చలిలో కూడా చెమటతో వీపు తడిసిపోయేది.

"ఆ కర్ర ఉన్నచోట సైకిలు మీద ఒక ముసలాయన ఉన్నాడనుకో," అనేవాడు కనమరు. "పొద్దుటి నుంచి అయిదుగురు ముసలాళ్ళని చంపావు. నడు, భోజనానికి పోదాం."

స్కూలు వసతిగృహంలో ఆమెకు ఇచ్చిన గదికి ఒక్కటే కిటికీ. అందులోంచి చూస్తే కార్లు నిలిపే చోటు, దాని వెనక సముద్రపు పొగమంచు. సాయంత్రం ఇంటికి ఫోను చేసేది. చాలాసేపు మోగాక షొజి ఎత్తేవాడు.

"తిన్నావా?"

"తిన్నా."

"ఏం తిన్నావు?"

"తిండి."

ఆ మాట దగ్గరే రోజూ ఫోను అయిపోయేది.

రోడ్డు మీదికి తీసుకువెళ్ళడం మొదలుపెట్టిన తరువాత ఒక రోజు, సిగ్నలు దగ్గర వాళ్ళ ముందు ఒక పశువుల లారీ ఆగింది. పక్క పలకల సందుల్లోంచి తడి ముట్టెలు కనిపిస్తున్నాయి. ఊపిరి ఆవిరిలా బయటికి వస్తోంది. పచ్చదీపం వెలిగింది. ముందు లారీ వెళ్ళిపోయింది. చిహరు కాలు క్లచ్చి మీద నుంచి జారి బండి ఒక్క ఎగురు ఎగిరి ఆగిపోయింది. వెనక హారన్లు మోగాయి.

కనమరు తిట్టలేదు. పక్కకు తీయించి బండి ఆపించాడు.

"ఏం పని చేసేదానివమ్మా ఇదివరకు?"

"ఆవులు, మాస్టారూ."

ఆయన కొంతసేపు పిప్పరమెంటు చప్పరించాడు. "మా తమ్ముడు కూడా తొకాచిలో ఆవులే. ఇప్పుడు వృద్ధాశ్రమంలో వంట చేస్తున్నాడు. నీ ఈడువాళ్ళు ఇక్కడికి వచ్చారంటే ఏదో ఒకటి మూసేసి వచ్చినవాళ్ళే. నీకు ముందు నా దగ్గర నేర్చుకున్నాయన పడవ అమ్ముకుని వచ్చాడు. స్టీరింగు పట్టుకుని ఏడ్చేవాడు. ఏడుస్తూనే నేర్చుకున్నాడు." తరువాత అద్దం సర్ది, "స్టార్టు చెయ్యి. చక్రాలు వెనకే ఉన్నాయి, మరిచిపోకు," అన్నాడు.

పరీక్ష మొదటిసారి తప్పింది. ఎడమ మలుపులో భయపడి మరీ ఎక్కువసేపు ఆగిపోయింది. రెండోసారి నెగ్గింది. వెళ్ళేముందు కనమరు జేబులోంచి పిప్పరమెంట్ల పొట్లం తీసి మొత్తం ఆమె చేతిలో పెట్టాడు. "నిద్రొస్తే తిను. అయినా నిద్రొస్తే బండి ఆపి పడుకో. ఎవరు తిట్టినా సరే."

ఇల్లు చేరేసరికి తొలిమంచు పడుతోంది. షొజి కొత్త లైసెన్సు తిప్పి తిప్పి చూశాడు. "ఫోటోలో ముసలిదానిలా ఉన్నావు," అన్నాడు. ఆ పూట ఆమె వండిన చేపల పులుసు మారు వడ్డించుకుని తిన్నాడు. చిహరుకు కొంచెం ఆశ కలిగింది.

పాల ట్యాంకరు నడపాలని ఆమె కోరిక. పొద్దున్నే ఇంటింటికీ వెళ్ళి పాలు ఎత్తుకునే బండి. ఆ దారులన్నీ తెలిసినవే, ఆ మనుషులంతా తెలిసినవాళ్ళే. కాని పాలు తగ్గిపోయి పాలసంఘం వాళ్ళే ఉన్న డ్రైవర్లను తగ్గించుకుంటున్నారు. ఇసుక లారీల వాళ్ళు అనుభవం అడిగారు. ఇంకొకాయన ఫోనులో ఆడగొంతు వినగానే, "మీ ఆయనకా అమ్మా ఉద్యోగం?" అన్నాడు.

చివరికి దగ్గరి ఊరు నకషిబెత్సులో ఒబరా అనే ఆయన రమ్మన్నాడు. ఆయనవి పశువులను తోలే లారీలు. మూడు బండ్లున్నాయి, ఇద్దరే డ్రైవర్లు. ఒక పొలం దగ్గరికి ఆమెనే నడపమని పక్కన కూర్చున్నాడు. దారి పొడుగునా తలుపు పిడి వదల్లేదు. అక్కడ ఒక ఆవు లారీలోకి ఎక్కించే వాలుబల్ల మీద ముందుకాళ్ళు పెట్టి మొండికేసింది. రైతు తోక మెలిపెడుతున్నాడు, కొడుకు కర్రతో పొడుస్తున్నాడు. చిహరు చూడలేక దిగింది. కర్ర లాక్కుని అవతల పారేసింది. ఆవు భుజం పక్కన నిలబడి, దాని మెడకింద గోకుతూ, "బే... బే..." అని పిలిచింది, ముప్పై ఏళ్ళుగా పాలవేళ పిలిచినట్టే. ఆవు ఒక నిట్టూర్పు విడిచి ఎక్కేసింది. మిగతావీ వెనకాలే ఎక్కాయి.

తిరుగుదారిలో ఒబరా అన్నాడు. "నీ డ్రైవింగు నాకేమంత నచ్చలేదమ్మా. ఆరునెలలు పోతే అదే వస్తుంది. ఈ పిలుపు మాత్రం మా వాళ్ళకి జన్మలో రాదు. సోమవారం నుంచి రా."

అవి ఎక్కడికి పోతాయో ఆమె అడగలేదు. ఒబరా లారీ ఎక్కితే కబేళాకేనని బెత్సుకయిలో పుట్టిన దూడకు కూడా తెలుసు. సోమవారం వెళ్ళింది.

షొజికి "లారీ ఉద్యోగం" అని మాత్రమే చెప్పింది. దొరికిపోవడానికి ఎంతో కాలం పట్టలేదు. మొదటివారమే ఒక సాయంత్రం ఆమె గుమ్మంలో బూట్లు విప్పుతుంటే అతను కిటికీ దగ్గర నుంచి లేచి వచ్చాడు. వంగి ఆమె కోటు వాసన చూశాడు. నెలల తరబడి లేని వెలుగు ఒక్క క్షణం అతని మొహంలోకి వచ్చింది.

"ఆవుల వాసన," అన్నాడు. "ఎవరి కొట్టంలో పని?"

చిహరు వంగి రెండో బూటు లాగింది. అతను ఆమె మొహం చూశాడు, ఆమె విప్పిన బూట్లకు అంటిన, పశువుల లారీల్లో చల్లే రంపపు పొట్టు చూశాడు. ఆ వెలుగు ఆరిపోయింది.

"ఒబరా బండా?"

"ఆఁ."

"అన్నిట్లోకీ అదే దొరికిందా నీకు?"

"అదొక్కటే దొరికింది."

ఆ తరువాత ఆమె వచ్చేసరికి అతను తిని, పక్కగదిలో పడుకుని ఉండేవాడు.

చలికాలం మధ్యలో పక్క పొలం నిహెయ్ ఫోను చేశాడు. కంపెనీకి కాదు, ఆమెకే.

"చిహరూ, మేమూ ఆవుల్ని తీసేస్తున్నామమ్మా."

"అన్నయ్యా! నువ్వు కూడానా?"

"మీ వదినకి నడుం పోయింది. నా ఒక్కడివల్ల కావడం లేదు. మంచి పెయ్యలకి కొనేవాళ్ళున్నారు. మిగతావి... నువ్వే రావాలి. తెలియనివాళ్ళు వస్తే కర్రతో పొడుస్తారు. నువ్వైతే మర్యాదగా తీసుకెళ్తావు."

"వాటిల్లో మావి కూడా ఉన్నాయి కదన్నయ్యా."

"అందుకే నిన్నడిగేది."

కాదనడానికి ఆమెకు నోరు రాలేదు. కాదంటే వేరేవాళ్ళు వెళ్తారు, అంతే తేడా.

వెళ్ళిన పొద్దున గాలి కోసేస్తోంది. వదిన వంటింట్లోంచి బయటికి రాలేదు, తెర వెనక ఆమె నీడ మాత్రం కనబడుతోంది. చిహరు లారీని కొట్టం గుమ్మానికి ఆనించి వెనక్కి పెట్టింది, ఒక్కసారికే సరిగ్గా. వాలుబల్ల దించి, ఆవులు జారకుండా రంపపు పొట్టు దండిగా చల్లింది. కొట్టంలోకి వెళ్ళి పిలిచింది.

"బే... బే..."

వరుసలో నాలుగో ఆవు తల ఎత్తింది. సుజు. తల్లి కడుపులో అడ్డం తిరిగితే చిహరు భుజం దాకా చెయ్యి పెట్టి బయటికి లాగిన దూడ, సీసాతో పాలు పట్టి పెంచిన దూడ, అదే. అది మిగతావాటిని తోసుకుని వచ్చి ఆమె కోటు జేబులో ముట్టె పెట్టి వెదికింది. తరువాత ఎవరూ తోలకుండానే ఆమె వెనకాల బల్లెక్కి లోపలికి నడిచింది. దాన్ని చూసి మిగతావన్నీ ఎక్కాయి. ఒక్కటి కూడా అరవలేదు.

తలుపు వేసి గడియ పెట్టి ఇటు తిరిగేసరికి కంచె అవతల, మంచులో, షొజి నిలబడి ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో తెలియదు. పొలాలకడ్డం పడి నడిచి వచ్చినట్టున్నాడు, మోకాళ్ళ దాకా తెల్లగా ఉంది. ఆమె చెయ్యెత్తబోయింది. అతను అప్పటికే వెనక్కి తిరిగాడు.

కబేళా దగ్గర కూడా అవి అలాగే ఆమె మాట విని దిగాయి. లారీ కడుగుతూ చిహరు రెండుసార్లు పైపు జారవిడిచింది. అక్కడ పనిచేసే మనిషి "చలికి చేతులు కొయ్యబారాయా?" అని తనే పైపు తీసుకుని కడిగిపెట్టాడు. ఆమె బండెక్కి చాలాసేపు స్టార్టు చెయ్యలేకపోయింది. ఏడుపు రాలేదు. వస్తే బాగుండును అనిపించింది.

ఆ సాయంత్రం షొజి పడుకోలేదు. భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు.

"ఏదైనా జారిపడిందా?"

"లేదు. ఒక్కటీ పడలేదు."

"సుజు?"

"ముందు అదే ఎక్కింది."

అతను తల ఊపాడు. ఊపుతూనే ఉన్నాడు. చిహరు దగ్గరికి వెళ్ళి అతని లేవని భుజం మీద చెయ్యి వేసింది. అతను తొలగించలేదు, పట్టుకోనూ లేదు.

మంచు కరిగే రోజుల్లో షొజి నెమురో రేవులో చేపల శీతలగిడ్డంగిలో పనికి కుదిరాడు. అక్కడే గది ఇస్తారు. వెళ్ళేముందు గుమ్మంలో నిలబడి, "నీ తప్పేం లేదు. నీ బట్టల వాసనకి నాకు నిద్ర పట్టడం లేదు," అన్నాడు. పోట్లాడుకుని విడిపోయి ఉంటే నయమేమో, చుట్టుపక్కల వాళ్ళకు చెప్పుకోవడానికి ఒక మాటైనా ఉండేది. అతను నెలకోసారి వచ్చేవాడు. ఇంటి పైకప్పు చూసి, పొయ్యికి కట్టెలు పేర్చి, మధ్యాహ్నం బస్సుకు వెళ్ళిపోయేవాడు.

చిహరు ఆవులు కాక గడ్డి తోలే పని ఇమ్మని ఒబరాను అడిగింది. ఆయన కొన్నాళ్ళు ఇచ్చాడు. తరువాత వచ్చి తలగోక్కుంటూ నిలబడ్డాడు. "ఫోను చేసిన ప్రతివాడూ ఆ పిలిచే ఆవిడనే పంపమంటున్నాడమ్మా. నేనేం చెయ్యను?" ఆమె తాళాలు తీసుకుంది. ఆ ఏడాది ఆ మైదానంలో మూతపడిన కొట్టాలలో చాలావాటికి ఆమే వెళ్ళింది. డ్రైవింగు బాగా వచ్చేసింది. ఎంత ఇరుకు గుమ్మానికైనా ఒక్కసారికే ఆనించేది.

మళ్ళీ చలికాలం వచ్చింది. ఒక పొద్దున కితమి వైపు వెళ్ళడానికి బండి వేడెక్కిస్తుంటే ఫోను మోగింది. షొజి. అతనంతట అతను చెయ్యడం అదే మొదలు.

"ఎటు పోతున్నావు?"

"కితమి."

"బిహొరో కనుమలో రోడ్డు గడ్డకట్టిందట. ఇక్కడ లారీల వాళ్ళు చెప్పుకుంటున్నారు. దిగేటప్పుడు బ్రేకు మీద కాలు పెట్టకు, గేరు తగ్గించుకుని దిగు."

"సరే."

"బండి ఖాళీయేనా?"

"కాదు," అంది చిహరు. వెనక పలకల మీద ఏదో ఆవు గిట్టతో తట్టింది. అది అతనికీ వినబడే ఉంటుంది.



"మరైతే ఇంకా నెమ్మదిగా దిగు," అని షొజి ఫోను పెట్టేశాడు.