ఎల్మో దాచుకున్న రాణి

వాల్డెమార్ ప్రీబె బాయిలరు గది తలుపు మూసి, మసి చేతులు పాంటుకే తుడుచుకుంటూ నేలమాళిగలోకి దిగేసరికి ఎల్మో పేకముక్కలు కలుపుతున్నాడు. కలపడం కూడా నత్తనడకే. చూడగానే వాల్డెమార్‌కి ఒళ్లు మండింది. రోజూ మండేదే.

విశ్వవిద్యాలయాన్ని స్థాపించిన జర్మన్ వలసదారులు బీరు తాగుతూ కూర్చోడానికి కట్టుకున్న గది అది. గోడలనిండా వాళ్ల భాషలో రాతలు. మొదటి ప్రపంచ యుద్ధంలో, జర్మన్ మాట వినబడితే చాలు జనం మీదపడే రోజుల్లో, వాటిమీద సున్నం కొట్టింది వాల్డెమార్ తాతే. ఉద్యోగం నిలబడాలంటే కొట్టక తప్పలేదు. ఇప్పుడు వారసత్వ కార్యాలయం వాళ్లు ఆ సున్నాన్ని మెత్తటి బ్రష్షులతో గోకించి ఫొటోలు తీసుకుంటున్నారు. పనిలో పనిగా ఈ బల్లమీద కూడా కన్నేశారు. ఇవాళ మధ్యాహ్న భోజనాలు కాగానే చుట్టూ ఎర్రతాడు కడతారట. ‘జర్మన్ వలసదారులు పేకాడుకున్న బల్ల’ అని పలక కూడా చెక్కించి గోడకి ఆనించారు.

“మరి మేమెవరమమ్మా?” అని పొద్దున ఆ కార్యాలయం అమ్మాయిని అడిగాడు. ఆమె నవ్వి, పైన కాఫీ యంత్రం దగ్గర కుర్చీలు చాలా ఉన్నాయంది.

అందుకే ఈ ఆఖరి ఆట గెలిచి తీరాలి. అవతలి జట్టు వంటింటి హెర్తా, తోటపని చేసే ఆమె తమ్ముడు. ఇవతల తన ప్రాణానికి ఎల్మో. ఆ వలసదారులు తెచ్చిన ఈ ‘గొర్రెతల’ పేకాటలో రాజుకన్నా రాణి పెద్ద, నాలుగు రాణులూ తురుపులే. కళావరు రాణి అన్నిటికన్నా పెద్ద. అది ఎల్మో చేతిలో పడిందంటే ఇక బయటికి రాదు. ఆట చేజారాక చూపించి, “దాచానురా” అంటాడు. అప్పుడు వాల్డెమార్ తిడతాడు. ఈ బల్ల దగ్గర పద్ధతే అంత. బాగా ఆడితే ఎవరూ ఏమీ అనరు, తప్పు ఆడితే వదిలిపెట్టరు. భార్యను పాతిపెట్టి వచ్చిన ఎల్మోని కూడా, ఇంకో ఓదార్పు చేతకాక, వాల్డెమార్ తిట్టాడు. ఎల్మో ఆ తర్వాతా ఒక్క పూట మానకుండా వచ్చి తిట్టించుకున్నాడు.

వాల్డెమార్ ఇస్పేటు రాణి వేశాడు. హెర్తా, తమ్ముడు చిన్న ముక్కలు పారేశారు. ఇక ఎల్మో. ఒక ముక్క ఇస్పేటు రాణి మీద అడ్డంగా బోర్లా పెట్టి, దానిమీద అరచెయ్యి ఆనించి, గడ్డం గుండెలకి వాల్చి ఆలోచనలో పడ్డాడు.

“వెయ్యరా నాయనా. నీ ఆలోచన తెమిలేలోపు మనల్ని కూడా కలిపి తాడు కట్టేస్తారు.”

వాల్డెమార్ వేళ్లతో బల్లమీద టకటకా కొట్టాడు.

“ఒరేయ్, నిన్నే. సూపు చల్లారిపోతోంది. జన్మలో ఒక్కసారైనా టైముకి ముక్క వెయ్యవా?”

హెర్తా లేచి ఎల్మో భుజం మీద చెయ్యి వేసింది. తర్వాత మెడ దగ్గర పెట్టి చూసింది.

“వాల్డెమార్,” అంది మెల్లగా, “ఇంక తిట్టకు.”

అంబులెన్సు వాళ్లు వచ్చి తీసుకుపోయారు. వాల్డెమార్ ఒక్కడే మిగిలి, బోర్లా ఉన్న ముక్కని తిప్పాడు. కళావరు రాణి. పక్కన పడి ఉన్న ఎల్మో ముక్కల్లో చిన్న తురుపులు రెండున్నాయి. పట్టు అప్పటికే తమది. అక్కడ ఏ చిన్న ముక్కైనా సరిపోయేది.

“ఇక్కడెందుకు వేశావురా?” అన్నాడు ఖాళీ కుర్చీతో. ఇంకా తిట్టాలని ఉంది, చాలా ఉంది.

ఎర్రతాడు పట్టుకుని గుమ్మంలో నిలబడిన అమ్మాయి, ముక్కలు తీసేయమంటారా అని అడిగింది. వాల్డెమార్ తల అడ్డంగా ఊపి, టోపీ పెట్టుకుని మెట్లెక్కాడు.

తాడు లోపల, ఇస్పేటు రాణి మీద అడ్డంగా, ఎల్మో వేసిన కళావరు రాణి.