బావమరిది ఇంటి చిరునామా

మా కలప కోత మిల్లులో అరవై మందికి ఆ ఉత్తరం వచ్చింది. నాకు రాలేదు.

ఆరోగ్య బీమా కంపెనీలు తమలో తాము పోటీ పడకుండా రాష్ట్రాలు పంచుకున్నాయనీ, దిక్కులేని మా దగ్గర పన్నెండేళ్లపాటు ఎక్కువ ప్రీమియం గుంజాయనీ ఎవరో కోర్టుకెక్కారు. ఏళ్ల తరబడి నడిచి కేసు రాజీ అయింది. ఆ పన్నెండేళ్లూ మా మిసిసిపీ రాష్ట్రంలో కాపురం ఉండి, తన పేరు మీద పాలసీ ఉన్న ప్రతివాడికీ కొంత డబ్బు తిరిగిస్తారట. భార్యకీ పిల్లలకీ వేరేగా ఏమీ రాదు. పాలసీ ఎవరి పేరు మీదుందో వాడికే.

మధ్యాహ్నం అన్నాల వేళ టిడ్‌వెల్ చొక్కా మీది రంపపు పొట్టు దులుపుకుని ఉత్తరం బల్ల మీద పరిచాడు. నాతోపాటు చెక్కలు మోసే మనిషి, నోటికి మూత ఉండదు.

"ఏడొందల ఎనభై డాలర్ల దాకా రావచ్చంట. నీకెంత రాశారు డెల్బర్ట్?"

"నాకు రాలేదు."

"నీకెలా వస్తుందిరా, నువ్వు పరాయి రాష్ట్రపోడివి కదా! వీసా తీసుకునే వస్తన్నావా డ్యూటీకి?"

బల్ల చుట్టూ అందరూ నవ్వారు. నవ్విన వాళ్లలో సగం మంది బండ్లకి ఉన్నవి అలబామా నంబరు పలకలే. కాకపోతే వాళ్లు మిల్లులో చేరింది నాకన్నా ముందు, బండ్లు అటు మార్చింది ఆ తర్వాత, అందుకని మిల్లు కాగితాల్లో వాళ్లు ఇక్కడివాళ్లే.

మా దగ్గర బండి నంబరు పలకకి ఏటా కట్టే పన్ను చూస్తే బండి అమ్మేసి నడిచి పోదామనిపిస్తుంది. తూర్పుకి పదకొండు మైళ్లు పోతే అలబామా. అక్కడ ఇందులో మూడో వంతు కూడా ఉండదు. అందుకని మా వైపు ప్రతివాడికీ హద్దు అవతల ఒక అత్తో, పెదనాన్నో ఉంటారు. బండి వాళ్లింటి చిరునామా మీద రాయించుకుంటాం. నాకు మా ఆవిడ తమ్ముడు హోయ్ట్ ఉన్నాడు. బండి అక్కడిదైతే లైసెన్సు కూడా అక్కడిదే కావాలన్నారు, అదీ చేయించాను. మిల్లులో చేరిన రోజు ఆఫీసులో నెల్డా నా లైసెన్సు చూసి చిరునామా ఎక్కించుకుంది. బీమా కాగితాల్లోకి అదే పోయింది. ఇన్నేళ్లలో దాని గురించి నేను ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

ఆ ఏడొందల ఎనభై నాకెందుకంటే, మా ఆవిడ వెర్లీన్ పళ్ల కోసం.

రెండేళ్ల కిందట ఆమెకి గొంతులో కాన్సర్ వచ్చింది. రేడియేషన్ కరెంటు పెట్టి తగ్గించారు. ఆ వేడికి పళ్లు పుచ్చిపోయాయి, అన్నీ పీకేశారు. పళ్ల సెట్టుకి రాస్తే బీమావాళ్లు గొంతు వేరు, పళ్లు వేరు అన్నారు. అవి ఒకే నోట్లో ఉన్నాయని ఆ జవాబు రాసినవాడికి తెలిసినట్టు లేదు. చవక డాక్టరు దగ్గర సెట్టు ఏడొందల అరవై. చర్చి పాటల్లో ముందు వరసలో నిలబడే మనిషి ఇప్పుడు చివరి బల్ల మీద పెదాలు బిగించుకుని కూర్చుంటుంది. రెండు పూటలా మొక్కజొన్న జావే. నవ్వొస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. మూడు నెలలకోసారి ఆమె గొంతు చూపించాలి, అది మిల్లు బీమాతోనే అవుతుంది. ఆ మిల్లులో నా నడుం ఎప్పుడో పోయింది. అయినా మానడానికి లేదు.

టిడ్‌వెల్ ఉత్తరంలో ఉన్న నంబరుకి ఫోన్ చేశాను. ఒక అమ్మాయి తీసింది.

"మా రికార్డు ప్రకారం మీరు అలబామా నివాసి సార్. ఇది మిసిసిపీ వాళ్లకి మాత్రమే."

"నేను పుట్టింది ఇక్కడేనమ్మా. మా నాన్నని పూడ్చింది కూడా ఇక్కడే."

"అర్థమైంది సార్. మీ పేరూ, మిసిసిపీ చిరునామా ఉన్న కాగితాలు రెండు పంపండి. నెలాఖరు లోపల."

ఇల్లంతా వెతికాను. ఇల్లు అత్తగారి పేరు మీద, కరెంటు బిల్లు వెర్లీన్ పేరు మీద. లైసెన్సు, మా రెండు బండ్లు, జీతం చీటీ అన్నీ హోయ్ట్ ఇంటి మీద. యాభై మూడేళ్లుగా బతుకుతున్న ఊళ్లో నేనున్నానని చెప్పడానికి ఒక్క ముక్క దొరకలేదు. అప్పుడు వెర్లీన్ మంచం కింద నుంచి బూట్ల డబ్బా ఈడ్చుకొచ్చింది. ఆస్పత్రి బాకీలు వసూలు చేసేవాళ్ల ఉత్తరాలు. అన్నిటి మీదా నా పేరు, మా ఇంటి చిరునామా.

"ఇంకెవరికీ తెలీకపోయినా వీళ్లకి తెలుసు చూడు నువ్వెక్కడుంటావో" అంది.

ఆ కాగితాలతో పంపాల్సిన ఫారం అడుగున ఒక ప్రమాణం ఉంది. ఆ పన్నెండేళ్లూ మిసిసిపీలోనే నివసించానని, అబద్ధమైతే శిక్షకి సిద్ధమని సంతకం పెట్టాలి. ఆదివారం హోయ్ట్ వచ్చి అది చదివాడు.

"బావా, దీని మీద సంతకం పెడితే నీ బండ్లది దొంగ చిరునామా అని నువ్వే రాసిచ్చినట్టు. పన్ను ఆఫీసోళ్ల చేతిలో పడిందనుకో, రెండు బండ్లు, పన్నెండేళ్లు, పైన జరిమానా. నా పేరు కూడా లాగుతారు."

"నువ్వు నోర్ముయ్‌రా" అంది వెర్లీన్. "నీకు ముప్పై రెండు పళ్లూ ఉన్నాయి."

"ముప్పై రెండెక్కడివే అక్కా, ఇరవై ఆరే."

"అయితే ఆ ఇరవై ఆరూ మూసుకుని కూర్చో."

ఆమె నా వంక చూడలేదు. జావ గిన్నె తీసుకుని వంటింట్లోకి పోయింది. నేను సంతకం పెట్టాను.

గడువు ఆఖరి రోజు మిల్లు వదలగానే పోస్టాఫీసు ముందు బండి ఆపి, స్టీరింగు మీదే కవరు రాశాను. కిటికీ మూయడానికి ఐదు నిమిషాలుంది. లోపల ఉన్నావిడ ముద్ర కొట్టి, "రసీదు కావాలా?" అంది. రసీదుకి డబ్బులవుతాయని వద్దన్నాను. ఆ రాత్రి బాగా నిద్రపట్టింది.

ఏడు వారాలకి హోయ్ట్ వచ్చాడు. చేతిలో ఉత్తరం.

"బావా, ఇది మా ఇంటికొచ్చింది."

"మీ ఇంటికెందుకొస్తుంది?"

"నన్నడుగుతావేంటి? నీ పేరే ఉంది."

చదివాను. నేను పంపిన రెండు కాగితాలూ అందాయట. అయితే అవి పంపిన కవరు మీద పంపినవారి చిరునామా అలబామాది ఉందట, తమ రికార్డులో ఉన్నదీ అదేనట. కనుక నేను ఈ రాష్ట్ర నివాసినని తేలలేదట. ఇదే తుది నిర్ణయం, మళ్లీ అడగడానికి వీల్లేదు. కింద ఆ కవరు నకలు కూడా జత చేశారు. ఎడమ పక్క మూల, నా గొలుసు రాతలో, హోయ్ట్ ఇంటి నంబరు, హోయ్ట్ వీధి, హోయ్ట్ ఊరు.

రాసినట్టు నాకు గుర్తు లేదు. ఇన్నేళ్లుగా చిరునామా అని అడిగిన ప్రతిచోటా నా చెయ్యి రాసింది అదే. ఆ రోజు కూడా చెయ్యి తన పని తాను చేసింది, నన్నడగలేదు.

వెర్లీన్ ఉత్తరం తీసుకుని ఆ కవరు బొమ్మ చాలాసేపు చూసింది. తర్వాత నవ్వింది. రెండేళ్లలో మొదటిసారి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా, చిగుళ్లన్నీ కనపడేలా. నాకు ఆ నవ్వు చూడబుద్ధి కాలేదు. హోయ్ట్ టోపీ పెట్టుకుని చెప్పకుండా వెళ్లిపోయాడు.

నవంబరులో నెల్డా ఎప్పటిలాగే బీమా కాగితాలు పట్టుకుని మేం హాజరు వేసుకునే గడియారం దగ్గర నిలబడింది. వెనకాల ఇరవై మంది, రంపం ఆన్ చెయ్యడానికి నాలుగు నిమిషాలు.

"చిరునామా పాతదేనా డెల్బర్ట్?"

మార్చాలంటే లైసెన్సు మార్చాలి. లైసెన్సు మారిస్తే బండ్లు మార్చాలి. జనవరిలో రెండు బండ్లకీ పన్ను కట్టాలి, ఇక్కడి లెక్కన కట్టాలంటే ఒక బండి అమ్మాలి. మిగిలినదాంట్లో నేను మిల్లుకొస్తే వెర్లీన్ ఆస్పత్రికి నలభై మైళ్లు ఎలా పోతుంది?

"ఏమయ్యా, నిన్నే."

"పాతదే" అన్నాను.

"ఒరేయ్, పరాయి దేశపోడా, తొందరగా కానియ్‌రా" అన్నాడు వెనక నుంచి టిడ్‌వెల్. వాడికి డబ్బు వచ్చేసింది, పడవకి మోటారు కొన్నాడు.

నెల్డా వేలు పెట్టి చూపించిన చోట సంతకం పెట్టాను.