కాశీకి పోని గట్టయ్య

గట్టయ్య కాశీని అమ్మేవాడే గాని ఎన్నడూ చూడలేదు. అబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు ఎదురుగా, ఒక మేడమెట్ల కింద అతని బల్ల. పాతికమందిని పోగుచేసి నాంపల్లిలో రైలెక్కిస్తే ఇరవయ్యారో సీటు ఏజెంటుకు ఉచితం. ఎండలో నాగలి పట్టినవాడికి అంతకన్నా ఏం కావాలి? పంకా కింద కూర్చుంటే పొట్టా నిండుతుంది, పుణ్యమూ వస్తుంది. బేరం పక్కవాడికి పోతుందని ఆ ఉచితం సీటు మాత్రం ఖాళీగానే పంపేవాడు.

1967 కార్తీకంలో మొదటి జట్టు తిరిగొచ్చింది. హిమాయత్‌నగర్ జయమ్మ, పంతులమ్మగా చేసి రిటైరైన మనిషి, ప్రసాదం పట్టుకొని వచ్చింది.

"ఏం గట్టయ్యా, రానని చెప్పి మాకంటే ముందే ఘాటు మీద నిలబడ్డవ్! నువ్వు లేకుంటే గా పండా పూజార్లు మమ్మల్ని నంజుకొని తిందురు."

గట్టయ్య నవ్వబోయాడు. బల్ల ముందున్న కొత్త బేరగాళ్లు చెవులు రిక్కించారు. "ఏజెంటు సొంతంగ వస్తడా?"

పల్లెటూరి బుర్ర చటుక్కున పనిచేసింది. "ఔ, వచ్చిన. మనోళ్లను గాలికి ఇడిచిపెడ్తనా?"

"గంగల వంకాయ ఇడిచినవ్ కద, ఇంక ముట్టకు మరి" అంది జయమ్మ. కాశీకి పోయినవాళ్లు ఇష్టమైనదొకటి గంగలో వదిలి, బతికినంతకాలం దాని జోలికి పోరు.

ఆ మధ్యాహ్నం భార్య నర్మద పంపిన డబ్బాలో గుత్తివంకాయ. నోట్లో పెట్టుకుంటే మన్ను.

రెండో జట్టు వచ్చి, అతడు జామపండు విడిచాడని చెప్పింది. "ఔ" అన్నాడు. జామపండూ మన్నయింది. కాని తోడుండే ఏజెంటని బషీర్‌బాగ్ దాకా పేరు పాకింది.

మూడో జట్టులో ఒకాయన తల గోక్కున్నాడు. "గిదేం మొక్కయ్యా, పుట్టిన ఊరిని ఇడిచినవ్?"

గట్టయ్య అలవాటుగా "ఔ" అన్నాడు.

ఆదివారం అన్న సాయన్న వచ్చి, "ఊరికెప్పుడు వస్తవ్‌రా?" అన్నాడు.

"ఏ ఊరికి?"

సాయన్న పకపకా నవ్వాడు. నర్మద నవ్వలేదు. బావ వెళ్లాక మొగుణ్ణి కూర్చోబెట్టి అంతా కక్కించింది.

"ఇంక నీకు పానంలెక్క ఏం మిగిలింది?"

గట్టయ్య ఆమె వైపు చూశాడు.

"ఇప్పుడన్న పోలేదని చెప్పు."

"డెబ్బై అయిదు మంది చూసిన్రు. ఎవలు నమ్ముతరే?"

"అయితే నువ్వే పోయి ఆపు."

"నా ముఖంతోని తిరిగే వాడు ఎదురైతే? నాతోని కాదు."

"థూ, మొగోనివే!" అంది. నాలుగో జట్టులో ఉచితం సీటు ఆమెదే. ఏటా పోయే జయమ్మ, ఈసారి చెల్లెలితో, అదే పెట్టెలో ఎక్కింది.

నాంపల్లిలో కిటికీ పట్టుకొని గట్టయ్య బతిమాలాడు. "వాడు గంగల దిగంగనే చెయ్యి పట్టుకో. నీ పేరెత్తి ఇడుస్తననక ముందే పట్టుకో. ఏమైనా చెయ్యి ఇడువకు."

"ఇడువ. ఫికర్ చెయ్యకు."

పదహారో రోజు పొద్దున బండి వచ్చింది. ముందు జయమ్మ దిగి, చెల్లెలితో మాట్లాడుతూ నడిచింది.

"ఈసారి గట్టయ్య ఏమీ ఇడువలే, చూసినవా? ఆ పిల్ల ఇడువనిస్తే కద! గంగల పట్టిన చెయ్యి, బండిల నిద్రపోతుంటె గూడ ఇడువలే."

"జయమ్మగారూ!" అన్నాడు గట్టయ్య.

ఆమె ఆగి ఎగాదిగా చూసింది. "ఎవరు నాయనా?"

అప్పుడు పెట్టె తలుపులో నర్మద కనిపించింది. చిక్కిపోయింది, కాని ముఖంలో గెలిచిన వెలుగు. కుడిచేత్తో ఎవరి మణికట్టో బిగించి పట్టుకుంది. "జర పైలం, మెల్లగ దిగు" అని వెనక్కి చెబుతోంది. ఆ మనిషి పాదం మెట్టు మీద ఆనింది. గట్టయ్య తల ఎత్తి ఆ ముఖం చూడలేదు.

"నర్మదా, చెయ్యి ఇడువు."

ఆమె ఉలిక్కిపడి, ఆ చేతిని ఇంకా దగ్గరకు లాక్కుంది. గట్టయ్యను చూసింది, అడ్డం నిలబడ్డ పరాయివాణ్ణి చూసినట్టు.

"జర తొవ్వ ఇయ్యి అన్నా. మా ఆయన దిగాలె."

వెనక నుంచి కూలీలు తోస్తున్నారు. గట్టయ్య పక్కకు జరిగాడు.