గొయ్యికి కొత్త పేరు

సంచిలో చొక్కాలు, తువ్వాలు, మందుల డబ్బా సర్దుతూ, అడుగున దాచిన ఇనుప పానాను భార్య బయటికి లాగింది. "ఇదెందుకండీ? డాక్టరు మీ గుండె మరలు విప్పడానికా?"

పంపు ముసలాయన నవ్వి, పానాను మళ్ళీ లోపలికి తోశాడు. తోడు వెళ్ళడానికి భార్యకు మోకాళ్ళు సహకరించవు. కూతురు పట్నంలో ఆసుపత్రి దగ్గర కాచుకుని ఉంటుంది.

రాళ్ళ క్వారీ నడిచినన్నాళ్ళూ అడుగున ఊరే నీటిని తోడెయ్యడమే అతని పని. క్వారీ మూతపడ్డ రోజు పంపు ఆపింది కూడా అతని చెయ్యే, ఆ పానాతోనే. తర్వాత నీళ్ళు తమంతట తామే వచ్చి నిండాయి. బతుకంతా తరిమిన నీరు అంత నీలంగా ఉంటుందని అతనికి అప్పుడే తెలిసింది. పేట వాళ్ళకు మాత్రం అది గొయ్యి. గొయ్యి కనుక చెత్త అందులోకే పోయేది. వచ్చే ఆదివారం పేటంతా చేరి, దాన్ని పూడ్చి బండ్లు నిలుపుకోవాలో అలాగే ఉంచాలో చేతులెత్తి తేల్చుకుంటారు. ఉంచమని ఎత్తడానికి అతని చెయ్యి అక్కడ ఉండదు.

పూడ్చాలని అందరికన్నా గట్టిగా అరిచేది గుడ్ల కొట్టు నడిపే గుడ్ల వదిన. సంచి బస్సు దాకా పట్టమని సాయంత్రం ఆమెనే బతిమాలాడు. ఇల్లంతా మోసుకుపోతున్నావా బాబాయ్ అని దెప్పుతూనే ఆమె పట్టుకుంది.

క్వారీ గట్టు మీద అతను ఆయాసంతో కూలబడ్డాడు. అది నిజమో నటనో ఆమెకు అంతుపట్టలేదు. అంతలో కొంగలు వచ్చాయి. మబ్బు చిరిగి రాలినట్టు, గుంపు వెనక గుంపుగా, మందుగుండు చీల్చిన రాతి అరల మీద వాలాయి. నల్లబండ తెల్లబడింది. నీళ్ళలో ఇంకో బండ తెల్లబడింది. వదిన సంచి కింద పెట్టింది. నిద్రపోయే పసిబిడ్డ పక్కన మాట్లాడినట్టు అడిగింది.

"రోజూ వస్తాయా బాబాయ్?"

"రోజూ. అరలు పేల్చింది మేము, కాపురం పెట్టింది అవి."

"గుడ్లు కూడా పెడతాయా?"

"నీ కొట్లో కన్నా ఎక్కువే."

వెనక ఎవరో చెత్తబుట్ట ఎత్తారు. వదిన గిరుక్కున తిరిగింది. "కళ్ళు లేవా? చెరువులో చెత్త పోస్తారా ఎవరైనా?"

చెరువు. ఆ మాట అతను కూడా ఎన్నడూ అనలేదు. సంచిలోంచి పానా తీసి గట్టు మీద పెట్టాడు. బరువు తగ్గింది, ఇక పద అన్నాడు.

ఆదివారం గుడ్ల వదిన రెండు చేతులూ ఎత్తింది. ఇదేం లెక్క అని పెద్దలు కసిరితే, ఒకటి మా బాబాయిది అంది. వాళ్ళు ఒక్కటే లెక్కపెట్టారు. అయినా చెరువు నిలిచింది.

పానా ఇంకా గట్టు మీదే ఉంది, తుప్పు మీద కొంగల తెల్లటి రెట్టతో. పంపు ముసలాయన తిరిగి రాలేదు. ఆ ఆదివారమే, ఇంకా చేతులు లేవకముందు, తెల్లవారుజామున పోయాడు.